ఫ్లష్ ట్యాంకు కనెక్షన్ పైపు మార్చిన వైనం: అనంతపురంలో తొమ్మిది రోజుల ప్రాజెక్టు డైరీ

మొదటి రోజు, ఆదివారం

కింది అంతస్తు స్నానాల గదిలో కమోడ్ పక్కన నేల ఎప్పుడు చూసినా తడిగానే ఉంటోందన్న సంగతిని మొదట గమనించినది మా అమ్మ. ఆమెకు ఎనభై రెండేళ్లు. మోకాళ్లు వంగని పరిస్థితి వచ్చిన తరువాత, ఆమె కోసమే ఆరేళ్ల కిందట పాత బేసిన్ తీయించి ఈ కమోడ్ పెట్టించాము. “యాడ్నించో నీళ్లు కారతాండాయి నాయనా, ఈడ నేను జారి పడితే లేపేదానికి నువ్వొక్కనివి చాలవు” అని ఆమె నవ్వుతూనే చెప్పింది గాని, ఆ మాట విన్న తరువాత ఈ పనిని వచ్చే వారానికి వాయిదా వేయడానికి నాకు మనసొప్పలేదు.

కారుతున్నది ఎక్కడో తేల్చడమే ముందు చేయవలసిన పని. నీళ్లు కనబడిన చోటే కారుతున్నాయని అనుకుంటే తప్పులో కాలు వేసినట్టే, ఎందుకంటే బొట్టు పైపు వెంబడి జారి, నట్టు అంచున ఆగి, మరొక చోట నేలను తాకుతుంది. ట్యాంకులో నిలిచిన నీరు కింది వాషరు గుండా కారుతున్నదా, లేక ట్యాంకులోకి నీటిని తెచ్చే దారిలోనే లోపముందా అన్నది తేల్చుకోవడానికి, బట్టలకు వాడే నీలిమందును రెండు మూతలు ఫ్లష్ ట్యాంకులో పోసి, నేలను పూర్తిగా తుడిచి, గంటసేపు ఎవరినీ లోపలికి వెళ్లవద్దని చెప్పాను. గంట తరువాత నేల మీద చేరిన నీటిలో నీలిరంగు జాడ కూడా లేదు. ట్యాంకు నిర్దోషి. దోషం గోడలోని యాంగిల్ కాక్ (ట్యాంకుకు వెళ్లే నీటిని ఆపే చిన్న కుళాయి) నుంచి ట్యాంకు అడుగున ఉన్న మర వరకు సాగే అడుగున్నర దారిలో ఎక్కడో ఉన్నదన్న మాట.

ఆ దారిలో అనుమానించవలసిన చోట్లు నాలుగు: గోడలో కాక్ దిగిన చోటు, కాక్ పిడి మొదలు, పైపు కింది నట్టు, పై నట్టు. నాలుగింటినీ పొడిగుడ్డతో తుడిచి, అమ్మ పూజగదిలోని విభూతిని వేలితో తీసుకుని అన్నింటికీ పలచగా రాశాను. విభూతి తడిస్తే రంగు మారుతుంది కాబట్టి టార్చిలైటు వెలుగులో బొట్టు పుట్టిన చోటును వెంటనే పట్టుకోవచ్చు. పది నిమిషాలకు నాలుగు చోట్లూ తెల్లగానే ఉన్నాయి గాని, కింది నట్టుకు రెండు వేళ్ల ఎత్తున పైపు ఒళ్లే చెమర్చింది. నేను అనుమానితుల జాబితాలో చేర్చని చోటు అది.

చివరగా ఆ బొట్ల కింద పావు లీటరు స్టీలు గ్లాసు పెట్టి గడియారం చూశాను. యాభై నిమిషాలకు నిండింది. అంటే గంటకు 300 మిల్లీలీటర్లు, రోజుకు ఏడు లీటర్ల పైచిలుకు, మా ఇంటి లెక్కలో సగం బిందె. వేసవిలో బోరు నీటి ధార సన్నబడినప్పుడు ఒక్కొక్క బిందె లెక్క చూసుకునే ఊరిలో, ఆ సగం బిందె ఎన్నాళ్లుగా నేలపాలవుతున్నదో తలచుకుంటే ప్రాణం ఉసూరుమన్నది.

రెండవ రోజు, సోమవారం

ఈ రోజు పైపు విప్పలేదు, విప్పడానికి వీలు కుదరలేదు. యాంగిల్ కాక్ కట్టితే చాలు, ఇల్లంతా నీళ్లు ఆపే పని లేకుండా పైపు మార్చుకోవచ్చన్నది నా పథకం. ఆ కాక్ ఉన్నదే అందుకు. అయితే ఆరేళ్లుగా ఎవరూ ముట్టని ఆ పిడి తిరగలేదు. దాని మొదట్లో సున్నపు పొర ముత్యపు చిప్పలాగా గట్టిపడి ఉన్నది.

అనంతపురంలో బోరు నీళ్లు వాడే ఇళ్లకు ఇది కొత్త సంగతి కాదు. గ్రానైటు, నైసు రాళ్ల పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీరు కాల్షియం, మెగ్నీషియం లవణాలను తనలో కరిగించుకుని పైకి వస్తుంది. తాగునీటి కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకుండా ఉండాలని, మరో ఆధారం లేనప్పుడు 600 వరకు ఒప్పుకోవచ్చని భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500 చెబుతుంది. బోరు వేయించిన ఏడాది మేము పరీక్ష చేయించినప్పుడు మా నీళ్లు ఆ రెండవ హద్దును కూడా దాటినట్టు తేలింది. ఆ కాగితం చూడకముందే ఆ సంగతి మా వంటింటికి తెలుసు, ఆ నీళ్లలో కందిపప్పు ఎంతసేపటికీ ఉడకదు, సబ్బు నురగ ఇవ్వదు.

నిమ్మఉప్పును గోరువెచ్చని నీటిలో కలిపి, ఆ నీటిలో తడిపిన గుడ్డను పిడి చుట్టూ కట్టి రెండు గంటలు వదిలేశాను. సున్నపు పొర సన్నని బుడగలతో కరిగింది. కాల్షియం కార్బొనేటు మీద ఆమ్లం పడితే కార్బన్ డయాక్సైడు వస్తుందని ముప్పై ఏళ్లు బడిలో పిల్లలకు చెప్పిన వాణ్ణి, ఇంట్లో చూసినప్పుడు మాత్రం చిన్నపిల్లవాడిలాగా వంగి చూస్తూ కూర్చున్నాను. పిడి కదిలింది, సగం తిరిగింది, ఆ తరువాత దాని మొదట్లోంచే నీళ్లు ఉబికాయి. లోపలి వాషరు ఎండి రాయి అయి ఉంటుంది, ఇన్నాళ్లు ఆ సున్నమే దానికి అడ్డుకట్టగా నిలిచినట్టుంది. పిడిని వెనక్కు తిప్పి పాత స్థితికి తెచ్చాను. ఇక పైపుతోబాటు కాక్ కూడా మార్చక తప్పదు, కాక్ మార్చాలంటే ఇల్లంతటికీ నీళ్లు ఆపక తప్పదు.

మూడవ రోజు, మంగళవారం

పాతూరు వైపు ఒక హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్లాను. “పద్దెనిమిది ఇంచీలదా సార్, ఇరవై నాలుగు ఇంచీలదా?” అన్నది దుకాణదారు వేసిన మొదటి ప్రశ్న. నేను ఇంట్లో దారంతో కొలుచుకుని వెళ్లాను: కాక్ మర నుంచి ట్యాంకు మర వరకు తిన్నగా పద్నాలుగు అంగుళాలు. పద్దెనిమిది అంగుళాలది తీసుకున్నాను. సరిగ్గా పద్నాలుగు అంగుళాలది దొరికినా తీసుకోకూడదు, బిగుసుకుని నిలిచిన పైపు నట్టును ఎల్లప్పుడూ ఒక పక్కకు లాగుతూ ఉంటుంది. మరీ పొడుగైనది మెలిక పడి నీటి దారిని నొక్కేస్తుంది. కొద్దిగా వంపు తిరిగే పొడవే సరైనది.

తెల్ల ప్లాస్టిక్ పైపు చవక. దాని నట్టు కూడా ప్లాస్టిక్కే, ఒక పావు చుట్టు ఎక్కువ బిగిస్తే చిట్లుతుంది. లోపల రబ్బరు గొట్టం, పైన స్టీలు తీగల అల్లిక, రెండు కొసలా ఇత్తడి నట్లు ఉన్న దానికి 180 రూపాయలు. దుకాణదారు ఒక అయస్కాంతం ముక్కను తీగలకు తాకించి, “అంటుకోల్యా సూడండి, అసలు స్టీలు” అన్నాడు. తుప్పు పట్టని 304 రకం స్టీలు మామూలుగా అయస్కాంతానికి అంటుకోదన్నది నిజమే గాని, సన్నని తీగగా సాగదీసినప్పుడు అదే స్టీలు కొంత అంటుకునే గుణం తెచ్చుకుంటుంది. కనుక ఈ పరీక్షను నమ్మి మంచి పైపును కాదనుకోవడం గాని, దీనిలో నెగ్గింది కదా అని పైపును గుడ్డిగా నమ్మడం గాని తగదు. ఆ మాట ఆయనతో అనలేదు, బేరం చెడుతుంది.

ఇత్తడి యాంగిల్ కాక్ ఒకటి, నీరు కారకుండా మరల మీద చుట్టే టెఫ్లాన్ టేపు రెండు చుట్టలు, విడిగా నాలుగు రబ్బరు వాషర్లు కూడా తీసుకున్నాను. కాక్ మరకూ నట్టుకూ కొలత అర అంగుళమే అయినా, ఆ మర బయటి వ్యాసాన్ని స్కేలుతో కొలిస్తే దాదాపు 21 మిల్లీమీటర్లు వస్తుంది. అర అంగుళం అన్నది ఒకప్పటి ఇనుప పైపు లోపలి రంధ్రాన్ని బట్టి వచ్చిన పేరు. స్కేలు చూసి ముప్పావు అంగుళంది అడిగి తెచ్చుకుని, మళ్లీ దుకాణానికి నడిచిన వాళ్లలో నేనూ ఒకణ్ణి, చాలా ఏళ్ల కిందట.

ఐదవ రోజు, గురువారం

నిన్న ఇంట్లో బంధువులు ఉన్నందున పని సాగలేదు. ఈ రోజు పొద్దున్నే రెండు డ్రమ్ములు, ఐదు బిందెలు నింపుకుని, మిద్దె మీది ట్యాంకు గేట్ వాల్వును కట్టేశాను. అది కూడా పూర్తిగా మూసుకోలేదు. స్నానాల గది కుళాయి తెరిచి చూస్తే పెన్సిలంత లావున ధార ఆగకుండా వస్తూనే ఉన్నది. వాల్వు లోపలి పలక కూర్చోవలసిన గాడిలో సున్నం చేరి ఉంటుంది. వెయ్యి లీటర్ల ట్యాంకును ఒక్క పైపు కోసం ఖాళీ చేయడానికి చేతులు రాలేదు.

కాసేపు ఆలోచించిన మీదట వాకిట్లోని కుళాయి గుర్తుకు వచ్చింది. మా ఇల్లు వాకిలి కంటే రెండడుగుల ఎత్తున ఉన్నది, ఆ కుళాయి అదే లైనులో కాక్ కంటే కింది మట్టంలో ఉన్నది. దానిని పూర్తిగా తెరిచి కింద బకెట్లు పెట్టితే, వాల్వు దాటి వచ్చే ఆ సన్నని ధార పల్లం చూసుకుని అక్కడికే పోతుంది, గోడలోని రంధ్రం వరకు ఎక్కి రాదు. అలాగే జరిగింది. మా ఇంటావిడ బకెట్లు మారుస్తూ ఆ నీటితో జాజి పందిరికి, కరివేపాకు చెట్టుకు తడి పెట్టింది. ఒక్క చుక్క కూడా వృథా కాలేదు.

ఫ్లష్ ట్యాంకు నొక్కి ఖాళీ చేసి, పాత పైపు పై నట్టును, ఆ తరువాత కింది నట్టును స్క్రూ స్పానరుతో విప్పాను. పైపు చేతికి వచ్చాక అసలు కథ తెలిసింది. కింది నట్టుకు పైన రెండు వేళ్ల మేర స్టీలు తీగలు తెగి, మొనలు పైకి లేచి, గోధుమ రంగు చిలుము పట్టి ఉన్నాయి. తీగల పట్టు పోయిన చోట రబ్బరు గొట్టం చిన్న బుడిపెలాగా ఉబ్బి, ఆ బుడిపె మీద సూదిమొనంత రంధ్రం పడింది. పైపు పై భాగం మాత్రం కొత్తదానిలాగా మెరుస్తున్నది. ఒకే పైపు, ఒకే నీళ్లు, ఒకే వయసు, అయినా కింది భాగమే ఎందుకు తిన్నది?

దీనికి జవాబు వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు, జవాబు ఆ మూలలోనే సీసాలో ఉన్నది. బోరు నీళ్ల వల్ల కమోడ్ చుట్టూ, టైల్సు మీద తెల్లని మరకలు పడతాయి. అవి పోవడానికి మేము వారం వారం యాసిడ్ పోసి రుద్దిస్తాము. టాయిలెట్లు కడిగే ద్రవాలలోనూ, విడిగా అమ్మే ఆ యాసిడ్‌లోనూ ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లమే. కిటికీ మూసి ఉన్న చిన్న గదిలో దాని ఆవిరి, నేల మీంచి చిందిన తుంపర, దగ్గరలో ఉన్న లోహాన్ని తాకుతుంది. స్టీలును తుప్పు నుంచి కాపాడే క్రోమియం ఆక్సైడు పొర చాలా పలచనిది, క్లోరైడు దానిని చిల్లులు పొడుస్తుంది. వెంట్రుకలంత సన్నని తీగకు ఆ చిల్లులే చాలు. నీటిలోని సున్నం కాక్‌ను పట్టేసింది, ఆ సున్నాన్ని వదిలించడానికి మేము పోసిన మందు పైపును తినేసింది. మా ఇంటావిడను పిలిచి ఆ తెగిన తీగలు చూపించాను. “మరకలు కనబడకూడదని మీరే కదా లీటరు సీసాలు తెచ్చేది” అన్నది. నిజమే, తెచ్చేది నేనే.

పాత కాక్‌ను విప్పేటప్పుడు మాత్రం భయపడుతూనే విప్పాను. కాక్ దిగిన ఎల్బో, అంటే గోడలోని వంపు పైపు ముక్క, పగిలితే టైల్సు కొట్టవలసి వస్తుంది. స్పానరుతో ఒక్క ఊపున లాగకుండా, కొంచెం వదులు చేసి, మళ్లీ కొంచెం బిగించి, మళ్లీ వదులు చేస్తూ తీశాను. బయటికి వచ్చింది. ఎల్బో లోపలి మరలో మిగిలిన పాత టేపు పోగులను చీపురుపుల్లతో ఏరి, పాత పళ్లబ్రష్షుతో రుద్ది శుభ్రం చేశాను.

కొత్త కాక్ మరకు టెఫ్లాన్ టేపును, కొస మన వైపు ఉండగా గడియారం ముల్లు తిరిగే దిశలో, లాగి పట్టి పన్నెండు చుట్లు చుట్టాను. ఎదురు దిశలో చుడితే బిగించేటప్పుడు అంతా విడిపోయి బయటికి వస్తుంది. బిగింపు గట్టిపడే సరికి కాక్ ముఖం పక్క గోడ వైపు తిరిగి నిలిచింది, నాకు కావలసినది పై వైపు. అక్కడ ఒక పావు చుట్టు వెనక్కు తిప్పాలన్న ఆశ ఎవరికైనా పుడుతుంది. ఒకసారి నలిగి కూర్చున్న టేపు వెనక్కు తిప్పితే దారి ఇస్తుంది, తరువాత గోడ లోపల కారే నీటిని ఎవరూ చూడలేరు. పూర్తిగా విప్పి, టేపు తీసివేసి, పదిహేను చుట్లు కొత్తగా చుట్టి మళ్లీ బిగించాను. ఈసారి ముఖం సరిగ్గా పైకి వచ్చి ఆగింది.

పైపు కింది కొస మాత్రమే కాక్‌కు తగిలించి, పై కొసను బకెట్‌లో పెట్టి, మిద్దె మీది వాల్వు తెరిచాను. మొదట వచ్చిన నీటిలో రవ్వలాగా సున్నపు పలుకులు పడ్డాయి. నేరుగా ట్యాంకుకు బిగించి ఉంటే ఆ రవ్వంతా, ట్యాంకు నిండగానే బుడగ తేలి నీటిని ఆపే బాల్ వాల్వు సన్నని రంధ్రంలో ఇరుక్కునేది. నీళ్లు తేటపడ్డాక కాక్ కట్టి, పై నట్టు బిగించి, చేతులు కడుక్కున్నాను. సాయంత్రం ఐదైంది.

అదే రాత్రి, పదకొండు గంటలు

పై నట్టు దగ్గర బొట్టు. దానితోబాటు ఫ్లష్ ట్యాంకులోంచి ఆగని సన్నని చప్పుడు. కాక్ కట్టేసి పడుకున్నాను. కొత్త కాక్ పిడి ఒక్క వేలితో తిరిగిందన్న ఊరట మాత్రం ఉన్నది.

ఆరవ రోజు, శుక్రవారం

ఒకప్పుడు నా దగ్గర పదవ తరగతి చదివి, ఇప్పుడు ప్లంబింగు పని చేసుకుంటున్న అబ్బాయి మా వీధిలోనే ఉంటాడు. పనికి పోతూ గుమ్మం దగ్గర ఆగి, విషయం విని, లోపలికి వచ్చి చూశాడు. “ఈడ టేపు ఎందుకు సుట్టినారు సార్? ఈ నట్టుకు టేపు పనిల్యా, వాషరు కూకోవాల, అంతే” అన్నాడు. నేను సిగ్గుపడవలసిన మాటే అది. గోడలోని మరలో నీటిని ఆపేది టేపు, కాని కనెక్షన్ పైపు నట్టులో నీటిని ఆపేది మర కాదు. నట్టు లోపలి రబ్బరు వాషరు ట్యాంకు మర కొసన ఉన్న చదునైన అంచుకు ఆనుకుని ఆపుతుంది. నేను టేపు చుట్టడం వల్ల నట్టు మధ్యలోనే బిగుసుకుపోయి, గట్టిపడిందన్న భ్రమ కలిగించింది, వాషరు మాత్రం అంచును పూర్తిగా అందుకోలేదు. బొట్టు కనబడిందని ఇంకా బిగించబోయిన నేను, ట్యాంకులోని బాల్ వాల్వునే పక్కకు తిప్పేశాను. దాని బుడగ ట్యాంకు గోడకు రాసుకుని పైకి లేవలేక, నీళ్లు నిండినా ఆగలేదు. రాత్రి విన్న చప్పుడు అదే.

అతను వెళ్లాక కూర్చుని లెక్క వేశాను. మిద్దె మీది ట్యాంకులో నీటి మట్టం ఆ నట్టుకు దాదాపు ఆరున్నర మీటర్ల ఎత్తున ఉన్నది. పది మీటర్ల నీటి ఎత్తుకు చదరపు సెంటీమీటరుకు ఒక కిలో చొప్పున ఒత్తిడి ఉంటుంది కాబట్టి ఇక్కడ 0.65 కిలోలు. వాషరు అడ్డుకొలత 1.8 సెంటీమీటర్లు అనుకుంటే వైశాల్యం రెండున్నర చదరపు సెంటీమీటర్లు. నీరు ఆ వాషరును నెట్టే బలం, మొత్తం వైశాల్యాన్ని లెక్కలోకి తీసుకున్నా, కిలోన్నర పైచిలుకు మాత్రమే. ఒక చిన్న కందిపప్పు సంచి బరువు. దానిని ఆపడానికి నేను అడుగు పొడవు స్పానరుతో రెండు చేతులా వేలాడాను.

టేపు మొత్తం ఒలిచివేసి, నలిగిన వాషరు స్థానంలో కొత్తది పెట్టి, అది నట్టులో చదునుగా కూర్చున్నదని టార్చి వేసి చూశాను. ట్యాంకు లోపల బాల్ వాల్వును ఒక చేత్తో తిన్నగా పట్టుకుని, రెండవ చేత్తో నట్టును వేళ్లతో తిరిగినంత తిప్పి, ఆ పైన స్పానరుతో పావు చుట్టు మాత్రమే బిగించాను. ట్యాంకు నిండింది, బుడగ లేచింది, చప్పుడు ఆగింది. అన్ని చోట్లా మళ్లీ విభూతి రాశాను. ఈ విభూతి ఖర్చు గురించి అమ్మ అడగడం మొదలుపెట్టింది.

తొమ్మిదవ రోజు, సోమవారం

మూడు రాత్రులు కాక్ తెరిచే ఉంచి, కమోడ్ కింద పాత దినపత్రిక పరిచాను. కాగితం తడిస్తే ఎండిన తరువాత కూడా ముడత నిలుస్తుంది. మూడు కాగితాలూ చదునుగానే ఉన్నాయి. పాత పైపును తెగిన చోట కోసి, కోసిన ముక్కను యాసిడ్ సీసా ఉండే అరలో దారంతో కట్టి వేలాడదీశాను, ఆ సీసా కోసం చేయి చాపిన వాళ్లకు ముందు అది తగులుతుంది. యాసిడ్ పూర్తిగా మానలేదు గాని, వారానికి ఒకసారి పోసేది నెలకు ఒకసారి అయింది, పోసిన రోజు కిటికీ తెరిచి, కాక్‌నూ పైపునూ మంచి నీళ్లతో కడిగి తుడుస్తున్నాము. మధ్యలో మరకలకు నిమ్మఉప్పు నీళ్లు వాడుతున్నాము. బ్లీచింగు పొడిని మాత్రం ఆ గదిలోకి రానివ్వడం లేదు, యాసిడ్‌తో అది కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది.

కొత్త పైపు నట్టు మీద బిగించిన తేదీని మార్కరుతో రాశాను. ప్రతి నెలా మొదటి తేదీన కాక్‌ను ఒకసారి పూర్తిగా కట్టి తెరవాలని క్యాలెండరులో గుర్తు పెట్టాను, కదలని పిడి మీద సున్నం ఇల్లు కట్టుకుంటుంది కాబట్టి.

మిద్దె మీది గేట్ వాల్వు ఇంకా సరిగా మూసుకోవడం లేదు. దానిని తీసి బాల్ వాల్వు (ఫ్లష్ ట్యాంకులోని బుడగ రకం కాదు, పిడి తిప్పి మూసే రకం) వేయాలంటే ట్యాంకు అడుగు వరకు ఖాళీ కావాలి. ట్యాంకు కడిగించే రోజునే ఆ పని కూడా పెట్టుకున్నాను. ముప్పావు అంగుళందా, అంగుళందా అన్నది ఈసారి స్కేలుతో కాక, వాల్వు ఒంటి మీద పోతపోసిన అంకె చూసి రాసుకున్నాను. అంగుళంది.